గంగవాయిలి మూల

సిద్ధరాములు గురువు దగ్గరికి ఎవరు ఏ ప్రశ్న తెచ్చినా, ఆయన ముందు తాగడానికి నీళ్ళిచ్చేవారు, తర్వాత చేయడానికి పని ఇచ్చేవారు. జవాబు సంగతి ఆ తర్వాతే. మానేరు ఒడ్డున ఆయన మఠమంటే రెండు పెంకుటిండ్లు, ఒక బావి, బావి వెనక కొన్ని కూరమళ్ళు, అంతే. తోటకూర, పాలకూర, పుంటికూర, చుక్కకూర ఆ మళ్ళలోనే పండేవి. అమావాస్య నాడు శిష్యులందరూ అక్కడ కూడి భోజనం చేసేవారు. ఆ రోజు వంటకు అంగట్లో కొన్న కూర ముట్టరాదని నియమం. మళ్ళలో ఏది ఉంటే అదే కుండలోకి పోవాలి. ప్రశ్న తెచ్చినవారు ఒక మడిని చూసుకుని, అందులో కోసిన కూరను తమ చేత్తోనే పంక్తిలో వడ్డించాలి. వడ్డించేసరికి చాలామందికి ప్రశ్న గుర్తుండేది కాదు. గుర్తున్నవారిని చూసి గురువుగారు, “నీది గట్టి ప్రశ్నే” అని నవ్వేవారు.

ఒక చైత్రమాసంలో అంబవ్వ అనే ఆవిడ షోలాపూర్ నుంచి వచ్చింది. ఆమె పుట్టిల్లు ఆ పక్క ఊరే. నేతపని వెతుక్కుంటూ ఆమె అత్తింటివారు మామగారి కాలంలోనే షోలాపూర్ చేరారు. భర్త రాత్రి పాళీలో మగ్గాల కార్ఖానాకు పోతాడు, ఆమె పగలంతా బీడీలు చుడుతుంది. కూతురు శ్యామల, కొడుకు నాగేశ్ అక్కడే పుట్టారు, అక్కడి బడిలోనే చదువుతున్నారు. అంబవ్వ చాలా నియమమున్న మనిషి. పిల్లలు బడినుంచి రాగానే ఎవరితో ఆడారు, ఏం తిన్నారు, ఏ మాట కొత్తగా నేర్చారు అని అడుగుతుంది. అడగని రోజు ఆమెకు నిద్రపట్టదు.

గురువుగారికి దండం పెట్టి, ఇచ్చిన నీళ్ళు పక్కన పెట్టి, ఆమె తన ప్రశ్న చెప్పింది.

“సామీ, పరాయి ఊర్ల పిల్లల్ని సాదుతున్న. నేను ఏసిన ఇత్తనం మంచిదే. కానీ సుట్టుముట్టు మొలిచేది మనది గాదు. ఎంత పీకినా మల్ల మొలుస్తది. ఎంతవరకు పీకాలె?”

తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. పిల్లలిద్దరూ తమలో తాము మరాఠీలోనే మాట్లాడుకుంటారు, తాను గదిలోకి వస్తే మాట ఆపేస్తారు. అన్నం పెడితే జొన్నరొట్టె అడుగుతారు. బడినుంచి నేరుగా ఇంటికి రారు, గోడకవతలి శేవంతా కాకు ఇంటికి పోతారు. కాకు అంటే వాళ్ళ భాషలో పిన్ని. ఆమెకు పిల్లలు లేరు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ మొన్న చలికాలంలో శ్యామలకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. అంబవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది, అక్కడ ఆలస్యమైంది. పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి శేవంతా కాకు పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. పిల్ల కళ్ళు మూసుకునే “ఆయీ” అని పిలిచింది.

“అంటే?” అన్నారు గురువుగారు.

“అంటే అమ్మా అని, సామీ.”

“ఆమె పలికిందా?”

“పలికింది. అదే నా బాధ.”

అందుకే ఒక నిర్ణయానికి వచ్చానని అంబవ్వ చెప్పింది. పిల్లల వార్షిక పరీక్షలు అయిపోగానే శ్యామలను అక్కడి బడి మాన్పించి, ఈ పక్క ఊళ్ళో తమ్ముడు కనకయ్య ఇంట్లో ఉంచుతుంది. తమ్ముడు బడిపంతులుతో మాట్లాడి కూడా పెట్టాడు. పిల్ల ఏడుస్తుందని తెలుసు. అయినా మొక్క మనదిగా ఉండాలంటే మన మట్టిలో నాటాలి కదా. గురువుగారు “సరే” అంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే ఇంత దూరం వచ్చింది.

గురువుగారు సరే అనలేదు, కాదనీ అనలేదు. “అమాస దాకా ఉంటవు గద, బిడ్డా? వెనక తోటకూర మడి మొలకెత్తి ఉన్నది. కలుపు గూడ దానితోనే లేచింది. జెర చూడు” అన్నారు.

అమావాస్యకు ఇంకా వారం ఉంది. తోటకూర అప్పుడే రెండాకుల మీద ఉంది. వారానికి అది పెద్దగా ఎదగదు గాని, చైత్రపు ఎండకు నీళ్ళు సరిగా అందితే, ఒత్తుగా ఉన్నచోట లేతకూర పలచన చేసి తీసినా ఒక కూరకు వస్తుంది. అయితే ఆ మడిలో కలుపు నిజంగానే కూరను మించి ఉంది. తుంగ సూదుల్లా పైకి పొడుచుకొచ్చింది. గట్టు మీది గరిక లోపలికి పాకింది. గునుగు మొలకలు తోటకూర మొలకల మధ్యలోనే, అవే వయసువి, అదే పోలికతో నిలబడ్డాయి. చివరి మూలలో, బావి నీళ్ళు అన్నిటికంటే ఆఖరున చేరేచోట, గంగవాయిలి బొద్దు ఆకులతో నేలమీద చాపలా పరుచుకుంది. కలుపు మొక్క కూరమొక్క తినేదే తింటుంది, తాగేదే తాగుతుంది. పైగా ఎవరూ విత్తకుండా వచ్చింది కాబట్టి ఎవరి దయకూ కాచుకోదు. కూర పసితనంలో ఉన్నప్పుడు దాన్ని వదిలేస్తే, తర్వాత ఎంత పీకినా ఆ కూర కోలుకోదు. ఈ సంగతి తెలియని రైతు లేడు. అంబవ్వకూ తెలుసు, పెళ్ళికి ముందు ఆమె కూలికి కలుపు తీసిన మనిషే.

ఆమె కొంగు బిగించి కూర్చుంది. తుంగను పట్టి లాగితే పైపోచ చేతికి వచ్చింది, కింద గడ్డ మట్టిలోనే తెగి ఉండిపోయింది. లాగిన ఊపుకు పక్కనున్న తోటకూర వేళ్ళు కదిలాయి. గునుగు దగ్గర ఇంకా చిక్కు వచ్చింది. ఏది గునుగో, ఏది కూరో రెండాకుల వయసులో చెప్పడం కష్టం. నాలుగు రోజులు ఆగితే ఆకే చెబుతుంది. కానీ అంబవ్వకు ఆగడం రాదు. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ పీకేసింది. పీకి, నేలను చేత్తో చదును చేసి, రాలిన ఆకులు, ఎండుగడ్డి కూడా ఏరి గట్టు మీద కుప్ప పోసింది.

మధ్యాహ్నానికి మఠంలో వంట చూసే బాలవ్వ ఎసట్లోకి నీళ్ళు తోడుకోవడానికి వచ్చి, బిందె నడుమున పెట్టుకుని నిలబడిపోయింది.

“ఏందే, మడి కలుపు దీసినవా, అలికినవా? ముగ్గు ఒక్కటే తక్కువున్నది.”

“నాకు సగం పని చేతగాదు, బాలక్కా” అంది అంబవ్వ, కొంత గర్వంగానే.

బాలవ్వ బిందె దించి కుప్ప ముందు కూర్చుంది. వాడిన మొలకలను ఒక్కొక్కటే ఎత్తి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, రెండు వైపులా వేయసాగింది. “ఇది గునుగు. ఇది మన కూర. ఇది గూడ మన కూరనే. ఇదీ మనదే... ఓ పిల్లా, నువ్వు కలుపుకు పగదానివా, కూరకా?”

అంబవ్వ ముఖం చిన్నబోయింది. లేచి, మిగిలిన మూలలో గంగవాయిలి మీద చెయ్యి వేసింది. బాలవ్వ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

“దాన్ని ముట్టకు తల్లీ! అది నాకు పప్పులకు గావాలె. నీ మడి అమాసకు కూర పెడుతదో లేదో, ఆ మూలనన్న నన్ను కాపాడనియ్యి.”

వంటమనిషి మాట కాదనలేక అంబవ్వ ఆ మూలను వదిలేసింది. వదిలేసిందే గాని, మడి వైపు చూసినప్పుడల్లా ఆ పచ్చని చాప ఆమెకు కంట్లో నలుసులా కనిపించేది.

సాయంత్రం ఆమె షోలాపూర్‌కు ఫోన్ చేసేది. ఇంటికి ఉన్న ఒక్క ఫోను తాను తెచ్చుకుంది కాబట్టి శేవంతా కాకు ఫోనుకే చేయాలి. కాకు ఎత్తగానే “పిల్లలకు ఇయ్యి” అనేది. పిల్లలను అడిగేవి అవే ప్రశ్నలు. వాళ్ళ జవాబులు రోజురోజుకూ పొట్టివవుతున్నాయని ఆమె గమనించింది. ఫోను పెట్టేశాక మడి గట్టు మీద కూర్చుని, మళ్ళీ పొడుచుకొచ్చిన తుంగను చీకటి పడేదాకా పీకేది.

మూడోనాటికి ఎండ ముదిరింది. అడ్డం ఏమీ లేని ఆ నున్నటి నేల పొద్దున పెట్టిన నీళ్ళను మధ్యాహ్నానికే వదిలేసి, పెళుసెక్కి పగుళ్ళిచ్చింది. వేళ్ళు కదిలిన మొలకలు తలలు వాల్చాయి. అంబవ్వ సాయంత్రం కూడా నీళ్ళు పెట్టింది. కొన్ని లేచాయి, చాలా లేవలేదు. తెగిన గడ్డల నుంచి తుంగ మాత్రం ఒక్కచోట రెండై మొలిచింది. ఆమె తినడం తగ్గించింది. “నేను చేసిన తప్పేంది?” అని ఎవరినీ అడగలేదు గాని, ముఖమంతా ఆ ప్రశ్నే ఉండేది. అమావాస్యకు ముందు రోజు గురువుగారు మడి దగ్గరికి వచ్చినప్పుడు, ఆమె లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

“సామీ, మీ మడి పాడు జేసిన. రేపు పంక్తిల ఏం వడ్డియ్యాలె?”

గురువుగారు గట్టు మీద చతికిలబడి, చిన్న ఖుర్పీతో తుంగపోచ పక్కన లోతుగా తవ్వి, నల్లటి గడ్డతో సహా బయటకు తీశారు. తోటకూర కదలలేదు. “తుంగను తీసుడు తప్పు గాదు, బిడ్డా. తియ్యకుంటే కూర బతకదు. లాగుడు వేరు, తీసుడు వేరు” అన్నారు. తర్వాత చివరి మూల వైపు గడ్డం ఎత్తి చూపారు. “బాలవ్వ పప్పు కోసమని ఆగినవు గద. ఇగ దాన్ని గూడ పీకి తే.”

అంబవ్వ వెళ్ళి కూర్చుంది. వారం నుంచి కంట్లో నలుసైన ఆ చాప కిందికి వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. కింద మట్టి చల్లగా, మెత్తగా, తడిగా ఉంది. మడి మొత్తం పెళుసెక్కిన ఆ వేళలో, నీళ్ళు అన్నిటికంటే ఆఖరున చేరే ఆ మూలలో తడి ఉంది. బొద్దు ఆకులను కొంచెం పక్కకు తొలగిస్తే, వాటి సందుల్లోంచి తోటకూర మొక్కలు బెత్తెడెత్తు లేచి, ఎర్రటి కాడలతో నిలబడి కనిపించాయి. ఆ మడిలో నిజంగా ఎదిగిన కూర అదొక్కటే. ఇప్పుడు దానికి ఆకు విప్పుకునే బలం వచ్చింది. దాని నీడ దాని కిందే పడుతోంది. ఆ నీడలో కొత్త తుంగ కూడా మొలవలేదు.

ఆమె పీకకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. గురువుగారు ఉన్నట్టుండి, వాతావరణం సంగతి అడిగినంత మామూలుగా అడిగారు.

“అవునూ, నువ్వు ఈడ ఉన్నవు. మీ ఆయన రాత్రి పనికి పోతడంటివి. ఇప్పుడు పిల్లల కాడ ఎవరున్నరు, బిడ్డా?”

అంబవ్వ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. పేరు నాలుక మీదికి వచ్చి ఆగింది. ఆ పేరు బయటికి రావడానికి ముందు ఆమె కళ్ళు నిండాయి.

“శేవంతా కాకు” అంది.

గురువుగారు ఖుర్పీ అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అంబవ్వ ఫోన్ చేసినప్పుడు కాకు అలవాటుగా “ఇస్తా, ఇస్తా” అంటూ శ్యామలను పిలవబోయింది. “వద్దు కాకూ, నీతోనే మాట్లాడాలె” అంది అంబవ్వ మరాఠీలో. కాకు బెదిరిపోయింది. “ఏమైంది? ఎవరికైనా బాగలేదా?” అని కంగారుపడింది. ఏమీ లేదని చెప్పాక ఊపిరి పీల్చుకుని, పిల్లల దగ్గర నేర్చుకున్న వచ్చీరాని తెలుగులో సంబరంగా మొదలుపెట్టింది.

“అంబూ, ఇయ్యాల పుంటికూర పప్పు జేసిన! నీ బిడ్డ పక్కన నిలబడి జెప్పింది. మా అమ్మ గిట్ల జెయ్యది, గట్ల జేస్తది అని ఒక్కటే తిట్టుడు. వెల్లుల్లి తక్కువైందట. తిన్నది మాత్రం నాలుగు సార్లు ఏసుకొని తిన్నది.”

అంబవ్వ ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. షోలాపూర్‌లో ఒక వంటింట్లో తన కూతురు తన పప్పును వేరొకరికి నేర్పుతోంది. ఏ మాట పోయిందని తాను వారమంతా వెతికిందో, ఆ మాటనే పిల్ల గోడ అవతల నాటింది.

“కాకూ, చలికాలంల పిల్లకు జెరమొచ్చినప్పుడు నువ్వు తడిగుడ్డ ఏసినవు...”

“ఎప్పుడు?” అంది కాకు. తర్వాత, “అగో, అదా! దాని సంగతి ఇప్పుడెందుకు?” అని నవ్వింది.

కృతజ్ఞత చెప్పడానికి అంబవ్వకు ఏ భాషలోనూ మాట దొరకలేదు. “గంగవాయిలి, మీరు ఘోళ్ అంటరు చూడు, ఆ కూర తెస్తున్న నీకు. ఇక్కడ మస్తుగున్నది” అంది. ఆవలి వైపు కాకు చిన్నపిల్లలా సంతోషపడటం వినిపించింది.

మరునాడు పంక్తిలో అంబవ్వ తానే వడ్డించింది. మడిలో మిగిలిన తోటకూర మనిషికి ఒక్క ముద్దలోకి వచ్చింది. గంగవాయిలి పప్పు మాత్రం అందరికీ కడుపునిండా సరిపోయింది. “మూలనే గెలిచింది” అని వంటింటి గడపలో విస్తరి ముందు కూర్చున్న బాలవ్వ అరిచింది. “నేనే గదా చెయ్యి పట్టి ఆపింది! నా పేరు గూడ జెప్పుండ్రి.” అంబవ్వ ఆమె విస్తట్లో అందరికంటే ఒక గరిటె ఎక్కువ వేసి, వంగి ఆమె కాళ్ళు ముట్టింది. బాలవ్వ సిగ్గుతో కాళ్ళు ముడుచుకుని, “పప్పు చల్లారుతది, పో” అని కసిరింది.

భోజనాలయ్యాక కనకయ్య అక్కను బస్సెక్కించడానికి వచ్చాడు. అంబవ్వ చేతిలో తడిగుడ్డలో చుట్టిన గంగవాయిలి కట్ట ఉంది. తొందరగా వాడిపోయే కూర కాదది, షోలాపూర్ దాకా ఆగుతుంది. కనకయ్య గురువుగారికి దండం పెట్టి, అక్క వైపు తిరిగాడు.

“సారుతోని మల్ల మాట్లాడిన అక్కా. బడి తెరవంగనే శ్యామల పేరు రాసుకుంటరట. సామి సరే అన్నడా?”

“పిల్ల ఆడనే ఉంటది, తమ్మీ” అంది అంబవ్వ. “దాని వేర్లు ఇప్పుడే పట్టుకుంటున్నయి. నేను కదపను.”

కనకయ్యకు అర్థం కాలేదు. ఈ వారం రోజులూ అక్క కోసం తిరిగి, బతిమాలి ఏర్పాటు చేసినవాడు. కొంచెం నొచ్చుకుని గురువుగారినే అడిగాడు. “అంటే, సామీ, పరాయి ఊర్ల ఏది మొలిస్తే అది మొలవనియ్యాల్నా? ఇగ ఏదీ తియ్యొద్దా?”

గురువుగారు అంబవ్వ చేతిలోని కట్ట వైపు చూసి, తర్వాత ఆమె గోళ్ళలో ఇంకా మిగిలిన మట్టి వైపు చూశారు.

“తియ్యొద్దని ఎవరన్నరు, కనకయ్యా? తుంగ కనబడితే ఇడువొద్దు. కాకుంటే, చెయ్యి పెట్టినప్పుడల్లా కింద మట్టిని ఒకసారి ముట్టి చూడాలె.”